‘మంచోడు’ అనే మాటకు సాక్ష్యం

ఒక్క మాట, ఎన్నో చిక్కులు

దోహా కోర్టుల్లో అనువాదం పనికి కొత్తగా వచ్చే తెలుగు పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. ఇప్పుడు ఫరీజ్ అబ్దుల్ అజీజ్ అనే పేటలో మా అమ్మాయి, అల్లుడి దగ్గర ఉంటున్నాను. చాయ్ ఇచ్చి కూర్చోబెడితే వాళ్లు ముందుగా అడిగేది చట్టాల గురించి కాదు. “ఖతీజమ్మా, మంచోడు అంటే అరబ్బీలో ఏం చెప్పాలి?” అని.

నాకు నవ్వొస్తుంది. అల్ సద్‌లో ఒక వకీలు గారి ఆఫీసులో నేను చేసిన ఉద్యోగమంతా ఆ మాట చుట్టూనే తిరిగింది. మాది రాయచోటి. ఇంట్లో ఉర్దూ, వీధిలో తెలుగు, కాలేజీలో అరబ్బీ. పెళ్లయ్యాక మా ఆయన వెంట కతర్ వచ్చాను. మూడు భాషలూ తెలిసిన మనిషి కావాలని ఎవరో అంటే వెళ్లి చేరాను. రిటైరయ్యేదాకా ఆ ఆఫీసులోనే ఉన్నాను. కోర్టులో తెలుగు తెలిసినవాళ్లు దొరకనప్పుడు ఇరుపక్షాలూ ఒప్పుకుంటే జడ్జి గారు నాతోనే ప్రమాణం చేయించి బోను పక్కన నిలబెట్టేవారు.

మంచోడు అంటే ‘తయ్యిబ్’ అనొచ్చు. కానీ అరబ్బీలో ఆ మాటకు ‘సరే, కానివ్వు’ అని కూడా అర్థం ఉంది. ‘మిస్కీన్’ అంటే జాలి పుడుతుందే తప్ప నమ్మకం పుట్టదు. నాకంటే ముందు మా ఆఫీసులో ఒక పెద్దమనిషి అనువాదం చేసేవాడు. ఒక సాక్షి “నోట్లో వేలు పెడితే కొరకలేడు సార్” అంటే ఆయన ఉన్నదున్నట్టు అరబ్బీలో చెప్పేశాడు. జడ్జి గారు కళ్లద్దాలు సవరించుకుని, “వేలు ఎవరు పెట్టారు? ఎప్పుడు పెట్టారు? ఫిర్యాదులో లేదే?” అని అడిగారట. ఆ వేలు సంగతి తేలేసరికి ఆ రోజు విచారణ కాస్తా ముగిసిపోయిందని ఇప్పటికీ ఆఫీసులో చెప్పుకుంటారు.

ఆ పెద్దమనిషి చేసింది తప్పే. కానీ నన్నడిగితే అసలు తప్పు సాక్షిది, ఆ సాక్షిని తెచ్చిన వకీలుది. ముద్దాయి మంచివాడని ఊరికే చెబితే ఏ భాషలో చెప్పినా అది గాలి మాటే.

మందను తోలుకెళ్లిన రోజు

మా వకీలు అబూ నాసర్ కతర్ దేశస్థుడు. పొడుగాటి మనిషి, నిదానస్థుడు. కోపం వస్తే గొంతు పెంచడు, ఇంకా తగ్గిస్తాడు. ఆయన గొంతు వినబడటం లేదంటే మేమందరం కుర్చీల్లో సర్దుకుని కూర్చునేవాళ్లం.

నేను చేరిన కొత్తల్లో ఒక వడ్రంగి కేసు వచ్చింది. కూలీలుండే క్యాంపులో గొడవ జరిగి ఒకడికి తల పగిలింది. మనవాడికి మంచి పేరుందని, అదే అతన్ని కాపాడుతుందని అబూ నాసర్ అనుకున్నారు. పేరు చెప్పడానికి ముందుకొచ్చిన వాళ్లందరినీ కోర్టుకు తెచ్చారు. వరండా నిండిపోయింది. ఒకరి తరువాత ఒకరు లోపలికి వచ్చి, “చాలా మంచోడు, చాలా మంచోడు” అని చెప్పి వెళ్లారు. నేనూ అలాగే అప్పజెప్పాను. చివరికి జడ్జి గారు ఒక సాక్షిని అడిగారు: “ఇతనికి పిల్లలు ఉన్నారా?”

సాక్షి నా ముఖం చూశాడు. నేనేం చెప్పగలను? “ఉండే ఉంటారు” అన్నాడు.

అక్కడితో అయిపోయింది. వడ్రంగికి శిక్ష పడింది. కారులో తిరిగి వస్తూ అబూ నాసర్ ఎంతో చిన్న గొంతుతో అన్నారు: “ఖతీజా, ఈ రోజు నేను సాక్షుల్ని తేలేదు. మందను తోలుకొచ్చాను.”

తన తప్పును ఉద్యోగి ముందు ఒప్పుకున్న యజమానిని నేను అంతకుముందు చూడలేదు. ఆ రోజు నుంచి మా ఆఫీసులో పద్ధతి మారింది. ఎవరైనా ముద్దాయి మంచివాడని చెప్పడానికి వస్తే నేను అడిగేది ఒకటే: “నువ్వు కళ్లారా చూసిన ఒక్క సంగతి చెప్పు.” చెప్పలేకపోతే చాయ్ ఇచ్చి పంపించేసేదాన్ని.

ఇంకో మాట కూడా చెప్పాలి. మంచి పేరును నమ్మి మోసపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఒక స్టోర్ కీపర్ గురించి మేము అడిగినవాళ్లందరూ చేతులెత్తి మొక్కారు. సరుకు మాయం చేసింది అతనేనని చివరికి అతనే ఒప్పుకున్నాడు. మంచి పేరున్నవాడి మీద ఎవరూ కన్నేసి ఉంచరు కాబట్టి తప్పు చేయడం అతనికే తేలిక. అందుకే మంచి పేరు నేరాన్ని కడిగే సబ్బు కాదు. మరి దానికి విలువ ఎక్కడ? ఆ సంగతి నాకు రమణ కేసులో తెలిసింది.

ఎగిరిపోయిన డేగ

వెంకటరమణది గాలివీడు. మా రాయచోటికి దగ్గరే. అబూ ఖలీద్ అనే కతరీ ఇంట్లో డ్రైవరు. పిల్లల్ని స్కూలుకు దింపడం, ఇంటి పెద్దావిడను ఆసుపత్రికి తీసుకెళ్లడం, సరుకులు తేవడం అతని డ్యూటీ. అబూ ఖలీద్‌కు ఒక డేగ ఉండేది. ఇక్కడివాళ్లకు డేగ అంటే ఇంట్లో మనిషే. దాన్ని తల నిమిరి పలకరిస్తారు, జబ్బు చేస్తే ఆసుపత్రికి తీసుకెళతారు.

ఒకరోజు ఊరి బయట ఉన్న తోట నుంచి దోహాకు ఆ డేగను తీసుకొస్తూ రమణ దారిలో కారు ఆపాడు. ఆ తరువాత డేగ లేదు.

అతను చెప్పింది ఇదీ. డేగకు కక్కు వచ్చి మెడ వేలాడేసిందట. నీళ్లు తాగిద్దామని రోడ్డు దిగి ఖాళీ నేలలో ఆపాడు. వెనక తలుపు తీసి, కళ్లకు కట్టిన తోలు టోపీ వదులు చేశాడు. కాలి తాడు ముడి జారింది. డేగ ఎగిరిపోయింది. వేట కాలం కాదు కనుక ఎక్కడుందో చెప్పే యంత్రం దానికి కట్టలేదు. అక్కడ కెమెరాల్లేవు, మనుషుల్లేరు. పైగా యజమానికి వెంటనే ఫోన్ చేయకుండా ఎండలో చాలాసేపు వెతుకుతూ తిరిగాడు.

అబూ ఖలీద్ మొదట నమ్మాడు. తరువాత ఆయన మజ్లిస్‌కు, అంటే మగవాళ్లు చేరి కబుర్లాడుకునే ముందుగదికి, వచ్చే చుట్టాలు తలా ఒక మాట అన్నారు. అలాంటి డేగకు ఎంత గిరాకీయో తెలుసా? రోడ్డు దిగి ఎవరికి అందించాడో? ఆ మాటలు పని చేశాయి. నమ్మి అప్పగించినదాన్ని కాజేశాడని ఫిర్యాదు పెట్టారు. నేరం రుజువైతే జైలు, ఆ తరువాత దేశం నుంచి పంపించేయడం, మళ్లీ రానివ్వకపోవడం.

జామీను మీద బయటికొచ్చాక రమణ నజ్మాలో స్నేహితుడు గంగాధర్ గదిలో ఉన్నాడు. గంగాధరే అతన్ని మా ఆఫీసుకు తీసుకొచ్చాడు. గంగాధర్‌ది జగిత్యాల వైపు, సైటు పని. రమణ నా మాట వినగానే, “అక్కా, మీది మా పక్కేనా?” అన్నాడు. అని, ఒక్కసారిగా కుర్చీలో కూలబడ్డాడు.

“నేను అమ్మలేదక్కా. పక్షి ఎగిరిపోయినాది. నేను చూస్తానే ఉండా, అది పోతానే ఉండాది. ఎండలో యాడ వెతికేది? అయినా వెతికినా. ఫోన్ ఎందుకు చేయలేదంటారు. దొరికితే బాబాకు ఈ సంగతి చెప్పే పనే ఉండదు గదా అనుకున్యా.”

ఇక్కడ ఇళ్లల్లో పనిచేసేవాళ్లు యజమానిని బాబా అనే పిలుస్తారు.

“నీ మాట తప్ప ఇంకో ఆధారం ఏమన్నా ఉందా నాయనా?” అని అడిగాను.

“డేగ ఉండాది. అది రాదు గదక్కా సాక్షానికి.”

గంగాధర్ పకపకా నవ్వాడు. అంత కష్టంలో రమణ కూడా నవ్వాడు. ఆ నవ్వు చూసి నాకు ఈ కేసు మీద ఇష్టం కలిగింది.

లండన్‌లో పన్నెండు మంది

అప్పటికి మరియం మా ఆఫీసులో చేరి కొంత కాలమైంది. కతరీ అమ్మాయి. లండన్‌లో న్యాయశాస్త్రం చదివి, అక్కడి కోర్టుల్లో కూర్చుని చూసి వచ్చింది. వచ్చిన కొత్తల్లో మాటకు ముందు ‘లండన్‌లో అయితే’ అనేది. మేము చాటుగా నవ్వుకునేవాళ్లం. కానీ రమణ కేసు రోజున ఆ అమ్మాయి చెప్పింది విని నేను చేతిలో చాయ్ కప్పు పక్కన పెట్టేశాను.

“అక్కడ నేరం జరిగిందా లేదా అని తేల్చేది జడ్జి కాదు ఖతీజా. జ్యూరీ అని పన్నెండు మంది మామూలు మనుషులు కూర్చుంటారు. దుకాణం నడిపేవాళ్లు, బస్సు తోలేవాళ్లు, బడిపంతుళ్లు, ఎవరైనా సరే. వాళ్లు తీర్పు ఆలోచించుకోవడానికి లేచి వెళ్లే ముందు జడ్జి వాళ్లకు కొన్ని మాటలు చెబుతాడు. ముద్దాయి మీద ఇంతవరకు ఏ మచ్చా లేకపోతే, దాన్ని ఎలా తూచాలో కూడా చెప్పాలి.”

“ఏమని చెబుతాడు?”

“మంచి పేరు ఉన్నంత మాత్రాన నిర్దోషి కాదు, అది గుర్తుంచుకోండి అంటాడు. కానీ రెండు చోట్ల దాన్ని లెక్కలోకి తీసుకోండి అంటాడు. ఒకటి, అతను చెప్పిన మాట నమ్మాలా వద్దా అన్నప్పుడు. రెండు, ఇన్నేళ్లుగా ఇలాంటి పని చేయని మనిషి ఇప్పుడు చేసి ఉంటాడా అన్నప్పుడు.”

ఎంత తేటగా ఉందో చూడండి. స్టోర్ కీపర్ దగ్గర మేము ఎందుకు మోసపోయామో, వడ్రంగి దగ్గర ఎందుకు ఓడిపోయామో నాకు అప్పుడు అర్థమైంది. మంచోడు అన్నది ముగింపు కాదు. ఒక మాటను తూచడానికి వాడే రాయి.

అబూ నాసర్ అంతా విని, “ఇక్కడ పన్నెండు మంది లేరు మరియం. ఒక్క జడ్జి. ఆయనకు ఇలా తూచండి అని చెప్పేవాడు ఎవరూ ఉండరు” అన్నారు.

“మనం చెప్పకూడదు. ఆయన చేతికి ఆ రాయి అందించాలి, అంతే” అంది మరియం.

అబూ నాసర్ గొంతు తగ్గలేదు. అంటే ఆయనకు నచ్చిందన్నమాట. “అయితే రాళ్లు ఏరుకురా” అన్నారు నాతో.

ఏరుకొచ్చిన రాళ్లు

ముందు సత్యవతి దొరికింది. అబూ ఖలీద్ ఇంట్లో వంటమనిషి, తూర్పు గోదావరి. యజమాని ఇంట్లో ఉంటూ ఆయన ఫిర్యాదుకు ఎదురు సాక్ష్యం చెప్పాలంటే ఎంత గుండె ధైర్యం కావాలి! మరియం ఆ మాటే అడిగింది. సత్యవతి చెంగు బిగించి, “మా మామా ఎళ్లి చెప్పమనే అన్నారండి. నిజం చెప్పొచ్చి మళ్లీ వంట చేసుకోమన్నారు” అంది. మామా అంటే ఆ ఇంటి ఇల్లాలు. ఆ ఇంట్లోనే ఇంకో అభిప్రాయం ఉందని మాకు అప్పుడు తెలిసింది.

“రమణ అబద్ధం ఆడడని నీకెలా తెలుసు?” అన్నాను.

“ఆడడం రాదండి ఆ మనిషికి! కారు గోడకి గీసుకుపోయిందండి ఓసారి. పెద్ద గీత. ఎవరూ చూళ్లేదు, నేనొక్కదాన్నే చూశాను. ‘ఊరుకోవయ్యా, లారీ ఏదో తగిలిందని చెప్పు’ అన్నాను. ఇంటేనా? తిన్నగా లోపలికెళ్లి, బాబా టీ తాగుతుంటే చెప్పేశాడు. బాబా కేకలేశారు. బయటికొచ్చి నాతో ఏటన్నాడో తెలుసా అండి? ‘ఇప్పుడు నిద్ర పడతాది’ అన్నాడు.”

మరియానికి అరబ్బీలో చెప్పాను. ఆ అమ్మాయి కుర్చీలోంచి సగం లేచింది.

“ఇంకా ఉందండి,” అంది సత్యవతి. “ఇంటికి చుట్టాలొచ్చినప్పుడు నా బిర్యానీ ఎలా ఉందని అడిగారు అతన్ని. ఉప్పెక్కువైందన్నాడు. అందరి ముందూ! రెండ్రోజులు నేను మాట్లాడలేదు.”

“అది కూడా కోర్టులో చెబుతావా?”

“అది చెప్పనండి. ఆ రోజు ఉప్పు సరిపోయింది.”

రెండో సాక్షి గంగాధరే. అతనికీ రమణకూ పాత పరిచయం. రమణ అంతకుముందు ఒక కంపెనీలో క్యాంప్ బస్సు నడిపేవాడు. గంగాధర్ చూసిన సంగతి ఒకటి బాగుంది. వేసవిలో బస్సు బయల్దేరే వేళకు ఒక నేపాలీ కుర్రాడు సైటులో వాంతులు చేసుకుంటూ ఉండిపోయాడు. మిగతావాళ్లు తొందరపెడుతున్నా రమణ బస్సు కదపలేదు. దిగి వెళ్లి అతన్ని తెచ్చి కూర్చోబెట్టాడు. ఆలస్యమైందని సూపర్‌వైజరు అడిగితే ఇంజిన్ మీద నెపం వేయలేదు. “నేనే ఆపినా” అన్నాడు.

“అంతే చెప్పు గంగాధర్. చూసింది చెప్పు, ఆపెయ్యి” అని మరీమరీ చెప్పాను.

“అట్లనే మేడమ్. నేనేమన్న పొల్లగాడినా?” అన్నాడు.

విచారణ రోజు సత్యవతి కారు గీత సంగతి ఒక్క పొల్లు పోకుండా చెప్పింది. జడ్జి గారు వయసులో పెద్దాయన, తక్కువ మాట్లాడే మనిషి. కలం పట్టుకుని రాసుకున్నారు. తరువాత గంగాధర్ వచ్చాడు. బస్సు సంగతి బాగానే చెప్పాడు. నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. అంతలో అతనికి ఇంకా ఏదో చెప్పాలనిపించింది.

“సార్, గాయన నోట్లె వేలువెడ్తె గూడ కొర్కడు సార్!”

నేను భావం మాత్రమే తీసుకుని, ‘ఎవరికీ హాని తలపెట్టని మనిషి’ అని అరబ్బీలో చెప్పాను. గంగాధర్‌కు నా అనువాదం మరీ పొట్టిగా అనిపించింది. తన గొప్ప మాటను నేను మింగేశానని అనుమానం వచ్చినట్టుంది. నన్ను పక్కన పెట్టి, సైటులో నేర్చిన అరబ్బీలో తనే అందుకున్నాడు. గుండె మీద చెయ్యి వేసుకుని, రమణను చూపిస్తూ:

“హాజా నఫర్... ముఖ్ మాఫీ!”

అంటే, ఈ మనిషికి మెదడు లేదు అని. కల్లాకపటం తెలియని అమాయకుడు అని చెప్పబోయాడు పాపం.  బోనులోంచి రమణ, “ఒరే గంగాధరూ! నేనేం చేసినారా నీకు?” అన్నాడు.

జడ్జి గారి భుజాలు కదిలాయి. ముఖం కాగితాల్లోకి దించుకున్నారు. ప్రాసిక్యూటర్ గోడ వైపు తిరిగాడు. నేను ప్రమాణం చేసినదాన్ని, నవ్వకూడదు. పెదవి కొరుక్కుని, రమణ అన్న మాటను కూడా గంభీరంగా అరబ్బీలోకి మార్చి చెప్పాను. దాంతో జడ్జి గారు కళ్లద్దాలు తీసి తుడుచుకోవలసి వచ్చింది.

అడగాలా వద్దా

తరువాతి విచారణకు ముందు ఆఫీసులో పెద్ద వాదన జరిగింది. ఫిర్యాదు పెట్టిన అబూ ఖలీద్‌నే మళ్లీ పిలిపించి, రమణ నడవడి గురించి అడగాలని మరియం పట్టుబట్టింది. అన్నేళ్లుగా అతన్ని దగ్గరగా చూసింది ఆయనే కదా అని ఆమె వాదన.

“పిచ్చి పని” అన్నారు అబూ నాసర్. “కోపంతో ఉన్న మనిషి. కాదు, చెడ్డవాడు అన్నాడంటే కేసు మన చేత్తో మనమే మూసేసినట్టు. సమాధానం తెలియని ప్రశ్న కోర్టులో అడగకూడదు.”

ఆయన చెప్పింది వకీళ్లందరూ మొదటి ఏడాదే నేర్చుకునే నియమం. నేనూ ఆయన పక్షమే. ఇద్దరూ నా వైపు తిరిగి, అక్కడే కూర్చున్న రమణను అడగమన్నారు. జైలుకు పోయేది అతను కదా.

నేను రెండు వైపులా ఉన్నదంతా విడమరిచి చెప్పాను. రమణ ఎక్కువసేపు ఆలోచించలేదు.

“అడగమనండక్కా.”

“ఆయన నీ మీదే కేసు పెట్టినాడు నాయనా. నీకు వ్యతిరేకంగా చెబితే?”

“పక్షి పోయినాదని బాధలో ఉండాడు. చుట్టాలు చెప్పింది నమ్మినాడు. అంతే. నోరు తెరిచి అబద్ధం మాత్రం చెప్పడు. బాబా అట్లాంటోడు కాదు.”

అరబ్బీలో చెప్పడానికి నాకు కాస్త సమయం పట్టింది.  ముద్దాయి తన మీద నేరం మోపినవాడి మంచితనానికి సాక్ష్యం ఇస్తున్నాడు. చెప్పడం పూర్తయ్యాక అబూ నాసర్ కేసు కాగితాలు దగ్గరికి లాక్కున్నారు.

“అడుగుదాం” అన్నారు. ఆ గొంతు దాదాపు వినబడలేదు. కానీ ఈసారి కోపం వల్ల కాదు.

పిల్లలూ, పక్షీ

అబూ ఖలీద్ తెల్లటి దుస్తుల్లో వచ్చి నిలబడ్డాడు. రమణ వైపు చూడలేదు. ఇక్కడి కోర్టుల్లో వకీలు ప్రశ్నను జడ్జి గారికి చెబితే ఆయన సాక్షిని అడుగుతారు. మరియం లేచింది.

“ఈ డ్రైవరు మీ దగ్గర పనిచేసినంత కాలం ఎప్పుడైనా అబద్ధమాడి పట్టుబడ్డాడా?”

అబూ ఖలీద్ తల అడ్డంగా ఊపాడు. “లేదు.”

“కారు గీత సంగతి నిజమేనా?”

“నిజమే. తనే వచ్చి చెప్పాడు. నేను కేకలేశాను.” ఆయన ముఖంలో చిన్న సిగ్గు కనబడింది.

“మీ పిల్లల్ని ఎవరు స్కూలుకు తీసుకెళ్లేవారు?”

“ఇతనే. చిన్నమ్మాయికి నడక రాని రోజుల నుంచీ ఇతని కారులోనే తిరిగింది.”

మరియం చివరి ప్రశ్న అడగబోతూ అబూ నాసర్ వైపు చూసింది. ఆయన తల ఊపారు.

“ఈ రోజు, ఈ కేసు నడుస్తుండగానే, మీ పిల్లల్ని ఇతని కారులో పంపమంటే పంపుతారా?”

నేను రమణ చెవి దగ్గర తెలుగులో ప్రశ్న చెప్పాను. అతను కళ్లు మూసుకున్నాడు. అబూ ఖలీద్ అప్పుడు మొదటిసారి తల తిప్పి రమణ వైపు చూశాడు. 

“పంపుతాను” అన్నాడు.

జడ్జి గారు కలం కింద పెట్టారు. ఆ తరువాతి ప్రశ్న మరియం అడగలేదు, ఆయన స్వయంగా అడిగారు. గద్దింపు లేదు. ఒక పెద్దమనిషి ఇంకో పెద్దమనిషిని అరుగు మీద అడిగినట్టు అడిగారు.

“పిల్లల విషయంలో నమ్మినవాణ్ణి పక్షి విషయంలో ఎందుకు నమ్మలేదు?”

అబూ ఖలీద్ జడ్జి గారి వైపు తిరిగాడు. “నేను నమ్మాను. తరువాత మజ్లిస్‌లో కూర్చున్నాను” అన్నాడు.

నేను ఎన్నో సాక్ష్యాలు విన్నాను. ఇంత పొట్టి సాక్ష్యం, ఇంత నిండు సాక్ష్యం ఇంకొకటి వినలేదు.

తీర్పు

తీర్పు రోజు పొద్దున ఎండ ఇంకా ముదరలేదు. సత్యవతి వచ్చింది, గంగాధర్ డ్యూటీకి సెలవు పెట్టి ఇస్త్రీ చొక్కాతో వచ్చాడు. ఏమీ మాట్లాడనని ముందే నాకు మాటిచ్చాడు. రమణ బోనులో చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

జడ్జి గారు ఎక్కువ చెప్పలేదు. మంచి పేరు నేరాన్ని చెరిపేయదని ముందే అన్నారు.  తరువాత అన్నారు: ముద్దాయి మాటను కాదనే ఆధారం ప్రాసిక్యూషన్ చూపలేదు. ఆ మాట చెప్పిన మనిషి తనకు నష్టం వచ్చినప్పుడు కూడా నిజం చెప్పినవాడని ఫిర్యాదుదారే ఒప్పుకున్నాడు. అలాంటి మనిషి ఇలాంటి పని చేసి ఉంటాడని నమ్మడానికి కారణం కనబడలేదు. చివర్లో ఒక్క మాట, ‘బరాఅ’.

మరియం నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. లండన్‌లో పన్నెండు మందికి చెప్పే ఆ రెండు సంగతులనూ, ఎవరూ చెప్పకుండానే, ఆయన తనకు తానే చెప్పుకున్నారు.

రమణ ఆత్రంగా నా పెదాల వైపు చూస్తున్నాడు. “నిన్ను నిర్దోషిగా తేల్చి వదిలేసినారు” అన్నాను. అతనికి అర్థం కాలేదో, నమ్మకం కుదరలేదో తెలియదు. రెప్ప వేయకుండా అలాగే చూశాడు. అనువాదకురాలు సొంత మాట కలపకూడదు. ఆ నియమం నేను ఎందరికో నేర్పాను. కానీ అప్పుడు నేనన్న మాట తీర్పులో ఉన్నదే, నేను కలిపింది కాదని ఇప్పటికీ అంటాను.

“నీ మాట నమ్మినారు నాయనా.”

“ఇంగొకసారి చెప్పక్కా.”

“నీ మాట నమ్మినారు.”

జడ్జి గారు తరువాతి కేసు పిలవకుండా ఆగారు. రమణ ముఖం తుడుచుకునేదాకా ఆగారు. పెద్ద కుర్చీలో కూర్చున్నవాళ్లలో ఎదుటివాడి ఏడుపు కోసం ఆగేవాళ్లు తక్కువ. కొత్తగా వచ్చే పిల్లలకు చెబుతుంటాను, అలాంటి జడ్జి ముందు పనిచేసే అదృష్టం దొరికితే జీతం గురించి గొణగవద్దని.

కాగితాల పని ముగించుకుని మధ్యాహ్నం బయటికొచ్చేసరికి కోర్టు మెట్ల దగ్గర అబూ ఖలీద్ కారు ఆగి ఉంది. ఆయన దిగి వచ్చి రమణ ఎదురుగా నిలబడ్డాడు. రమణ రెండు భుజాలూ పట్టుకుని ముక్కుకు ముక్కు తాకించాడు. ఇక్కడివాళ్లు సమానులకు చేసే పలకరింపు అది. గంగాధర్ నోరు తెరుచుకుని చూస్తున్నాడు.

“యల్లా, పద,” అన్నాడు అబూ ఖలీద్, కళ్లు ఎటో తిప్పుకుని. “స్కూలు వదిలే టైమయింది. పిల్లలు నీ కోసమే అడుగుతున్నారు.”

రమణ తన చేతులు చూపించాడు. అవి వణుకుతున్నాయి. “ఈ రోజు తోలలేను బాబా” అన్నాడు వచ్చిన అరబ్బీలో.

“అయితే నేను తోలుతాను. ఎక్కు.”

రమణ అలవాటు కొద్దీ డ్రైవరు తలుపు వైపు రెండు అడుగులు వేసి, ఆగి, చుట్టూ తిరిగి వచ్చి అవతలి ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంటి పెద్దలు కూర్చునే చోటు అది. సత్యవతి వెనక ఎక్కి తలుపు వేసుకుంది. కారు ఒక్క కుదుపుతో వెనక్కి వచ్చింది, పక్కనున్న టాక్సీని తాకబోయి ఆగింది. టాక్సీవాడు హారన్ మోగించాడు. కారు అద్దం దించి ఉండడంతో లోపల మాటలు మెట్ల మీద నిలబడ్డ మా అందరికీ వినిపించాయి. ముందు రమణ గొంతు:

“ఇండికేటర్, బాబా! ఇండికేటర్!”

ఆ వెంటనే అబూ ఖలీద్ నవ్వు.